సామికి గాలి విసిరే వంతు

తలుపు ముందు పెట్టె పెట్టి, దానికొక ఫొటో తీసుకుని, డెలివరీ అబ్బాయి వెళ్ళిపోయాడు. నేను మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి తలుపు తీసేసరికి వ్యాను మలుపు తిరుగుతోంది. మంచినీళ్ళు కావాలా బాబూ అని అడుగుదామనుకున్నాను. ఆ వారమంతా అలాంటి ఎండ. షెఫీల్డులో ఎండలంటే మా సీమవాళ్ళు నవ్వుతారు గానీ, ఇవి చలి కోసం కట్టిన ఇళ్ళు. ఇటుక గోడలు పగలంతా ఎండ తాగి సాయంత్రం నుంచి మన మీద కక్కుతాయి. కిటికీలేమో బెత్తెడు తెరుచుకుని ఆగిపోతాయి.

పెట్టె లోపలికి లాగుతుండగానే ఫోను మోగింది. నార్తాంప్టన్ నుంచి మావాడు.

"అమ్మా, ఫ్యాను వచ్చింది గదా. బెల్లు కెమెరాలో చూసినా."

"వచ్చింది నాయనా."

"పెట్టుకో మల్ల. ఊరికే కిచెన్లో మూలకు పెట్టొద్దు. నాకు మీటింగుంది, సాయంత్రం చేస్తా."

ఆ బెల్లు కూడా వాడు పంపిందే. వాళ్ళ నాయన పోయిన తర్వాత పంపాడు. ఎవరొచ్చి నొక్కినా వాడి ఫోనులో బొమ్మ కనబడుతుంది. నొక్కేది డెలివరీ అబ్బాయిలే అనుకోండి. నేను చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్ళినా వాడికి కనబడతాను. వాడు మాత్రం నాకు కనబడడు. బంగారం లాంటి కొడుకే, అందులో రెండో మాట లేదు. చెప్పులు పంపుతాడు, విటమిన్ బిళ్ళలు పంపుతాడు, బియ్యం బస్తా పంపుతాడు. మనిషి వచ్చి చాలా కాలమైంది. మొగుడూ పెళ్ళాల ఉద్యోగాలు, పిల్లల స్విమ్మింగు, మోటర్వే మీద ట్రాఫిక్కు. ఏదీ అబద్ధం కాదు.

ఫ్యాను నిలబెట్టి ఆన్ చేశాను. నిలువుగా, సన్నగా, తెల్లగా ఉంది. గాలి బాగానే వచ్చింది. కానీ ఆ గాలికి ఏ వాసనా లేదు. అది ముఖానికి తగలగానే ఎందుకో తడిసిన వట్టివేళ్ళు గుర్తొచ్చాయి. కుర్చీలో కూలబడ్డాను. ఆ మధ్యాహ్నం ఇంక లేవలేదు.

మా ఊరి గుట్ట కింద ఒక సామి ఉండేవాడు. దర్గా అని పెద్దవాళ్ళెవరైనా అంటారేమో, మేం మాత్రం "సామి కాడికి" అనేవాళ్ళం. సున్నం కొట్టిన నాలుగు గోడలు, పైన చిన్న గుమ్మటం, ముందర వేపచెట్టు, ఆ చెట్టుకు కట్టిన పచ్చజెండా. లోపల సమాధి. తల దగ్గర బండ మీద ఆయన పేరు చెక్కి ఉండేది. ఆ లిపి చదివేవాడు మా ఊళ్ళో లేడు, చదివి చెప్పినా ఆ పేరు పలికేందుకు మాకెవరికీ నోరు తిరగదు. అందుకని ఎన్ని వందల ఏళ్ళనుంచో ఆయన ఉత్త సామి. రెడ్లు వచ్చినా, బోయలు వచ్చినా, మేం వెళ్ళినా సామే.

మేం దూదేకులవాళ్ళం. పేర్లు సాయిబుల పేర్లు, మాట తెలుగు. మా జేజినాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో ఎక్కడ చూసినా దూదే. తలలో దూది, చారులో దూది, సామికి చదివించిన బొరుగుల్లోనూ దూదే. సామి దగ్గర ఊడ్చి, నీళ్ళు చల్లి, నిప్పుల మీద ఊదు వేసే పని మా ఇంటిది. అంటే మా జేజిది, నాయనమ్మది.

సామి కథ జేజి నోట వినాలి. జొన్నరొట్టె తట్టుతూ చెప్పేది. పిండి మీద అరచేతి చప్పుడు ఆగకుండా, కథా ఆగకుండా.

"ఆయనది చలి దేశం పాపా. నీళ్ళు గడ్డకట్టి రాళ్ళయితాయంట ఆడ. వాళ్ళ గురువు చెప్పినాడంట, పో నాయనా, నీ కాళ్ళు యాడ మొరాయిస్తే ఆడ కూసో, అదే నీ ఊరు అని. నడిచి నడిచి మన గుట్టకాడికి వచ్చినాక మొరాయించినాయి. అది నడి ఎండాకాలం. సొమ్మసిల్లి పడిపోతే, మన దూదేకుల ముసిలామె ఒకామె నీళ్ళు తాపించి కొంగుతో విసిరిందంట. లేసి కూసున్యాడు. ఇంగ ఈ ఊరు ఇడిసి పోలేదు."

"ఎందుకు పోలేదు జేజీ?"

"విసిరినోళ్ళను ఇడిసిపెట్టి యాడికి పోతాడు మే?"

ఆ ముసలమ్మ విసిరింది కాబట్టి ఊరంతా విసరాలి. ఉగాది దాటిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా, మిట్టమధ్యాహ్నం పూట సామికి ఎవరో ఒకరు గాలి విసిరేవాళ్ళు. ఇంటికొక వంతు. చలిదేశం మనిషి, మన ఎండ ఓర్చుకోలేడని. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనిషికి ఉక్కపోతేమిటని ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు. మాకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు. సామికి ఎండ తగులుతుందనేది మాకు ఆకలి, దప్పి లాంటి సంగతే.

ఒకసారి రెడ్డిగారింటి వంతు రోజు వాళ్ళ కోడలు పనిమనిషిని పంపింది. జేజి ఆ పిల్లకు మజ్జిగ ఇచ్చి, కూర్చోబెట్టి, ఎండ తగ్గాక వెనక్కి పంపేసింది. సాయంత్రం రెడ్డిగారి కోడలే మొహం ముడుచుకుని వచ్చింది.

"ఎవురు విసిరితే ఏమి? గాలి గాలే గదా," అంది ఆమె.

"పాళెగాని కత తెలీదా నీకు?" అంది జేజి.

ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా జేజి చెప్పింది. ఆ సీమనేలే పాళెగాడు సామి పేరు విని కంబళ్ళు పంపాడట. సామి తిప్పి పంపాడు. వడ్లు పంపాడు, పొట్టేళ్ళు పంపాడు, ఎండకు పెద్ద గొడుగు పంపాడు. అన్నీ వచ్చిన దారినే వెళ్ళాయి. సామికి మన భాష రాదు. పాపం, నేర్చుకున్నది నాలుగు మాటలు. వాటితోనే ప్రతిసారీ పాళెగాడికి కబురు చేసేవాడట: పంపొద్దు, రా. ఏమీ తేవద్దు, వచ్చి నా పక్కన కాసేపు కూర్చో.

"పాళెగాడు వచ్చినాడా జేజీ?" అని నేనెప్పుడూ అడిగేదాన్ని.

"వచ్చినాడో లేదో మా అవ్వ గూడా చెప్పలేదు పాపా. సామి మాత్రం పాళెగాడొచ్చే దావ దిక్కే చూస్తా కూసునేటోడంట."

రెడ్డిగారి కోడలు విసనకర్ర అందుకుంది.

ఆ విసనకర్ర వట్టివేళ్ళతో అల్లింది. చుట్టూ ఎర్రగుడ్డ అంచు. కడవలో ముంచి, ఒకసారి విదిలించి, విసరాలి. తడి వట్టివేళ్ళ వాసన, ఆరిపోతున్న ఊదు వాసన, వాకిట్లోంచి వేపపూత వాసన కలిసి లోపలంతా ఆవరించేవి. మా ఇంటి వంతు వచ్చిన రోజు జేజి నన్ను కూర్చోబెట్టి తను గోడకు చేరగిలబడి ఆకు నమిలేది. బయట ఒక్క పురుగు కదిలేది కాదు. నేను సామితో మాట్లాడేదాన్ని. బళ్ళో ఎవరు కొట్టారు, ఇంట్లో ఎవరు తిట్టారు, అన్నీ. అంత ఓపికగా విన్న మనిషి నాకు మళ్ళీ దొరకలేదు.

ఆయన తలాపున బొరుగులూ పుట్నాలూ చక్కెరా కలిపి ఒక గిన్నెలో పెట్టి ఉండేవి. జేజి కన్ను మూతపడితే నా చెయ్యి అటు వెళ్ళేది. అడిగితే "సామి తిన్యాడు" అనేదాన్ని. జేజి గిన్నెలోకి తొంగిచూసేది.

"సామి నీ మాదిరే చక్కెర ఏరుకోని బొరుగులు ఇడిసిపెట్న్యాడే," అనేది. కొట్టేది కాదు. సామి ఎవరికీ చెప్పడని నాకూ ధైర్యమే.

మా చిన్నాయన, అంటే జేజి చిన్నకొడుకు, దూరాన పట్నంలో కరెంటు పని చేసేవాడు. జేజికి ఆయనంటే ప్రాణం. ఆయనకీ తల్లంటే ప్రాణమే, కాకపోతే అది బస్సులో వచ్చేది. ముక్కుపొడి డబ్బా, చీర, టార్చిలైటు, నాకు పిప్పరమెంట్లు, అన్నీ కండక్టరు చేతికిచ్చి పంపేవాడు. జేజి బస్సు దగ్గరికి వెళ్ళేటప్పుడు కొంగు సర్దుకుని, జుట్టు దువ్వుకుని వెళ్ళేది. మూట తీసుకున్నాక కూడా బస్సు లోపలికి ఒకసారి చూసేది.

ఒక ఎండాకాలం ఆ బస్సు మీద పెద్ద అట్టపెట్టె దిగింది. సామి దగ్గరికి అప్పుడప్పుడే కరెంటు వచ్చింది. చిన్నాయన ఫ్యాను పంపాడు, బిగించేందుకు ఒక మనిషినీ పంపాడు. తను రాలేదు. ఊరంతా మూగింది. ఫ్యాను గిర్రున తిరిగితే సమాధి మీది పచ్చబట్ట అంచులు ఎగిరాయి. "సామికింగ ఏం కొదవ లేదప్పా" అన్నారు అందరూ. పిల్లలం గంతులు వేశాం, ఇంక వంతు లేదని. మా జేజి మాత్రం వేపచెట్టు కింద నిలబడి, బిగించేందుకు వచ్చిన మనిషి వెనకాల ఇంకెవరైనా వచ్చారేమోనన్నట్టు దారి వైపే చూసింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు, ఫ్యాను ఉండగా? ఎవరింటి నీడలో వాళ్ళు పడుకున్నారు. జేజి ఒక్కతే వెళ్ళి కూర్చునేది. ఒకరోజు సంగటికి పిలవడానికి వెళ్ళాను. ఫ్యాను కింద, ఎండిపోయిన విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఫ్యాను తిరుగుతాంది గదా జేజీ, ఇంటికి రా."

"గాలి ఉంది పాపా. మనిషి యాడుండారు?" అంది. "పరాయి దేశం నుంచి వచ్చినోడు. గాలికోసరం కాదే విసిరేది. ఒక్కడే ఉంటాడని."

అన్నాళ్ళూ మేం విసిరింది ఎండకోసమని నమ్మినదాన్ని. నేను జేజి పక్కన కూర్చున్నాను. సంగటి చల్లారిపోయింది, ఇంట్లో అమ్మ ఇద్దర్నీ తిట్టింది.

కొద్దిరోజులకు ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నారు, కానీ వీధిలో దీపం వెలుగుతూనే ఉంది. మళ్ళీ వంతులు మొదలయ్యాయి. సణుక్కుంటూనే వచ్చారు. రెడ్డిగారి కోడలు వచ్చింది, బోయవాళ్ళ ముసలాయన వచ్చాడు. వచ్చాక ఎవరూ తొందరగా లేచి వెళ్ళలేదు. ఊరి కబుర్లన్నీ మళ్ళీ సామి చెవిన పడ్డాయి. ఒక మధ్యాహ్నం జేజి నన్ను సంచిలోంచి వక్కాకు తీసిమ్మంది. చెయ్యి పెడితే చల్లగా, గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే తెల్లటి పింగాణీ ముక్క. ఫ్యాను బోర్డులో ఉండే ఫీజు.

నేను జేజిని చూశాను. జేజి సామిని చూసింది.

"పెట్టెయ్ దాన్ని," అంది నెమ్మదిగా. "సామికి తెలుసు."

ఫ్యాను చెడిపోయిందన్న కబురు పట్నం చేరింది. చిన్నాయన కండక్టరుతో చెప్పి పంపాడు: దిగులు పడొద్దు, వచ్చే వారం కొత్తది పంపిస్తా అని. జేజి బస్సు మెట్టు పట్టుకుని నిలబడింది.

"కొత్తది వద్దంట అని చెప్పు నాయనా. పంపొద్దంట, రమ్మనింది మీయమ్మ అని చెప్పు."

చిన్నాయన వచ్చాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని నేరుగా సామి దగ్గరికే వెళ్ళాడు. మేమంతా వెనకాలే. బోర్డు మూత తీశాడు. ఫీజు ఉండాల్సిన చోట ఖాళీ. ఆ పనిలో పండిపోయిన మనిషి, ఒక్క చూపు చాలు. తల తిప్పి వాళ్ళమ్మను చూశాడు. జేజి దవడలు ఆడుతున్నాయి, కళ్ళు సమాధి మీద ఉన్నాయి.

చిన్నాయన మూత బిగించాడు.

"పెద్ద రిపేరే ఇది," అన్నాడు అందరికీ వినబడేలా. "ఇంగ కొన్ని దినాలు పడతాది."

చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, విసనకర్ర కడవలో ముంచాడు. చిన్నప్పుడు అలవాటైన చెయ్యి, మరిచిపోలేదు. పట్నంలో పని గురించి, అక్కడ వండుకునే తిండి గురించి, ఒక్కడే ఉండే గది గురించి చెబుతూ విసిరాడు. సామికే చెబుతున్నట్టు చెప్పాడు. అన్నీ వింటూ, ఫ్యాను వచ్చినప్పట్నుంచి పగలు కునుకు కూడా తీయని మా జేజి గోడకు ఒరిగి నిద్రపోయింది. అప్పుడు చూశాను. చిన్నాయన ఒక విసురు సామికి విసిరి, ఒక విసురు వాళ్ళమ్మకు విసురుతున్నాడు.

చెప్పినదానికన్నా ఎక్కువ రోజులే ఉన్నాడు. చిన్నాయన బస్సెక్కిన సాయంత్రానికి ఫ్యాను తిరిగింది.

"మావోడు బాగు చేసిపోయినాడు," అంది జేజి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ.

జేజి పోయి ఎన్నేళ్ళో. చిన్నాయనా పోయాడు. నేను పెళ్ళై ఈ దేశం వచ్చి, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ ముసలిదాన్నయ్యాను. నీళ్ళు రాళ్ళయ్యే దేశం నుంచి సామి మా ఎండలోకి వచ్చాడు. ఆయన వదిలి వచ్చిన చలిలోకి నేను వచ్చాను. మొదటి చలికాలం బస్‌స్టాపులో వణుకుతూ ఆ మాటే అనుకున్నాను. నాకూ భాష నాలుగు మాటలే అప్పట్లో.

మసీదులో ఆడవాళ్ళు మంచివాళ్ళే. ఉర్దూ రాదంటే మాత్రం "మరి మీరెవరు?" అన్నట్టు చూస్తారు. తెలుగువాళ్ళ ఉగాదికి వెళితే ఒక ఆంటీ పచ్చడి చేతిలో పెడుతూ "మీరూ తింటారా?" అని అడిగింది. తింటామమ్మా, మేమే చింతపండు ఎక్కువైందని కూడా చెబుతాం. ఆమె తప్పేం లేదు. నేనెవరో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో నాకే తెలియదు. మా ఆయన ఉన్నప్పుడు ఆ అవసరం రాలేదు. ఇంట్లో ఇద్దరం దూదేకుల తెలుగులో కొట్లాడుకుంటే చాలింది.

పోయిన సంవత్సరం ఊరి నుంచి మేనకోడలు వీడియో పంపింది. సామి దగ్గర ఇప్పుడు నున్నటి గ్రానైటు పరిచారు. ఏసీ పెట్టారు. చాలా చల్లగా ఉంటుంది అత్తా అంది. మధ్యాహ్నం ఎవరెవరు వస్తారే అని అడిగాను. మధ్యాహ్నం తాళం వేస్తారు, ఏసీ ఖరీదైనది కదా అంది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

కుర్చీలో ఇదంతా తలుచుకుంటుంటే ఎండ అవతలి ఇళ్ళ మీదికి జరిగింది. తెల్లటి ఫ్యాను తల ఊపుతూ తిరుగుతూనే ఉంది, నేను చెప్పిందల్లా విన్నట్టు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మరి అమ్మకు కావాలంటే ఎవరిని అడగాలి?

లేచి ఫ్యాను ఆపాను. ప్లగ్గు ఊడదీశాను. ఈ దేశంలో ఫీజు ప్లగ్గులోనే ఉంటుంది, మా ఆయన కెటిల్ చెడిపోయినప్పుడు చూపించాడు. మొండి చాకు మొనతో కొద్దిగా ఎత్తితే చాలు, దాని అర తెరుచుకుంటుంది. వేలికొసంత కూడా లేదు ఫీజు. దాన్ని వక్కపొడి డబ్బాలో వేసి మూత పెట్టాను. జేజి ముక్క అరచేతినిండా ఉండేది.

చెప్పిన మాట ప్రకారం సాయంత్రం ఫోను వచ్చింది.

"ఎట్లుంది అమ్మా ఫ్యాను?"

"తిరగలేదు నాయనా."

"వేరే సాకెట్‌లో పెట్టి చూసినావా?"

"చూసినా."

"అయితే ప్లగ్గులో ఫీజు పోయుంటాది. పక్కింటాయన్ను అడుగు, రెండు నిమిషాల పని."

జేజి కథ వాడికెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే అక్కడే దొరికిపోయేదాన్ని. "పక్కింటాయన హాలిడేకి పోయినాడు," అన్నాను.

"సరేలే. రిటర్న్ పెట్టేస్తా. రేపు కొత్తది పంపిస్తా, పొద్దున్నే వస్తాది."

వాడి వెనకాల పిల్లలెవరో ఇంగ్లీషులో నవ్వుతున్నారు. కుక్కరు కూత వేసింది.

"పంపొద్దు నాయనా," అన్నాను. "రా."

కుక్కరు ఇంకో కూత వేసింది, ఎవరో స్టవ్ ఆపారు.

"ఏమైందమ్మా? బాగుండావా?"

"బాగుండా. ఊరికే వచ్చి కాసేపు కూసో. ఏమీ తేవద్దు."

"ఈ వారం నా డ్యూటీల రోటా చూసి చెప్తానమ్మా," అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది. "చూసి చెప్తా."

ఫోను పెట్టేశాక కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, రోడ్డు కనబడేలా తిప్పుకుని కూర్చున్నాను. చెమట కారుతూనే ఉంది. ఫీజు మాత్రం తిరిగి పెట్టలేదు.